ఒకే బండి ఎక్కని ఇద్దరితో సోమశిలకు

గద్వాల నుంచి సోమశిలకు వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే. అందరూ ఒకే బండిలో వెళ్లండి. మేము నలుగురం రెండు బండ్లలో వెళ్లాం. దారి బాగుంటుంది, కృష్ణ రెండుచోట్ల కనిపిస్తుంది, మామిడిపళ్ల కాలమైతే కొల్లాపూర్ దగ్గర ముక్కు దానంతటదే కిటికీ వైపు తిరుగుతుంది. కానీ ముందు బస్సులో ఉన్నవాళ్లకు వెనక బస్సు గురించీ, వెనక బస్సులో ఉన్నవాళ్లకు ముందు బస్సు గురించీ బెంగ పట్టుకుంటే ప్రకృతి అంతగా కంటికి ఆనదు.

నలుగురిలో మొదటివాడు నర్సింలు. హైదరాబాదులో ఒక జూనియర్ కాలేజీలో అతను లెక్కలు చెబుతాడు, నేను ఇంగ్లీషు చెబుతాను. ఇద్దరిదీ ఒకే అద్దె గది. అతని సొంతూరు గద్వాల. రెండో మనిషి అతని తల్లి దేవమ్మ. మూడో మనిషి స్వరూప, గద్వాలలోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. దేవమ్మ కాలు విరిగి అక్కడ పడుకున్నప్పుడు స్వరూప ఆమెను కన్నతల్లిలా చూసుకుంది. నర్సింలు తల్లిని చూడడానికి అవసరమైనదానికన్నా ఎక్కువసార్లు వచ్చాడు. మిగతాది మీరు ఊహించుకోగలరు. నాలుగోవాణ్ని నేను. గోదావరి జిల్లావాణ్ని, వేసవి సెలవుల్లో పనిలేనివాణ్ని.

రెండు బండ్లు ఎందుకో చెప్పాలి. స్వరూపకు ఇంతకుముందు ఒక సంబంధం కుదిరింది. పెళ్లి బట్టలకని రెండు కుటుంబాలూ ఒకే జీపులో గద్వాలకు వచ్చి, చీరలు కొనుక్కుని తిరిగి పోతుంటే జీపు బోల్తా పడింది. అందరికీ గీరుకుపోయిన గాయాలే. పెళ్లికొడుకు ఒక్కడే పోయాడు. ఆ తర్వాత ఎవరో పిల్ల జాతకం చూసి, ఈమె మెడలో తాళి కట్టినవాడు ఏడాది దాటడని తేల్చాడు. చూసినవాడు ఒక్కడే, విన్నవాళ్లు ఊరంతా.

స్వరూపకు నర్సింలు అంటే ఇష్టం. ఇష్టం కాబట్టే అతనితో ఒకే బండి ఎక్కదు. బస్సు కాదు, ఆటో కాదు, చివరికి దవాఖాన లిఫ్టు కూడా కాదు.

గద్వాల

బస్టాండు పక్క హోటల్లో పొద్దున్నే ఉగ్గాని తిన్నాం. మరమరాలను నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండేసి, పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లి ఇస్తారు. పక్కన మిర్చి బజ్జీ. ప్లేటు పది రూపాయలు. మా వైపు మరమరాలంటే రైల్లో పొద్దుపోక నమిలేవి. ఇక్కడ అవి టిఫిను. మొదటి ముద్దకు అనుమానించాను, తర్వాత రెండో ప్లేటు చెప్పాను.

"తిను నాయనా, తిను. మీ దిక్కు ఇడ్లీలు తప్ప తెల్వదంట గదా," అంది దేవమ్మ.

"పెసరట్లు కూడా తెలుసండి."

"ఓయమ్మ! మాటకొక అండి పెడ్తడు," అని స్వరూపతో నవ్వింది. ఆ యాత్రలో ఆమె తీరిగ్గా నవ్వింది అప్పుడే.

దేవమ్మ పుట్టిల్లు రాయచూరు పొలిమేరలో. అక్కడివాళ్లు పువ్వు అడగకుండా పెద్ద పనేదీ తలపెట్టరట. అమ్మవారి రెండు భుజాల మీద తడిపిన పువ్వులు అంటించి, ఏం అడగాలో మనసులో అడిగి, కూర్చుంటారు. తడి ఆరే కొద్దీ ఏదో ఒక పువ్వు రాలుతుంది. కుడి భుజం మీది పువ్వు రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. మా వైపు ముహూర్తం అడుగుతాం, కట్నం అడుగుతాం, దేవుణ్ని మాత్రం ఇంత సూటిగా అడగం. ఆయన కూడా మాకు ఇంత సూటిగా చెప్పిన దాఖలాలు లేవు.

"మా ఊరమ్మను అడుగుదుము. గని ఆమె నా మనిషి, నా దిక్కే మాట్లాడ్తది," అంది దేవమ్మ. "ఈ పిల్ల ఇంటిదేవతనే అడగాలె. పిల్ల మంచి చెడ్డ ఆమెకే ఎరుక."

స్వరూప వాళ్ల ఇంటిదేవత సోమశిల బయట, కృష్ణ ఒడ్డున, చిన్న గుళ్లో ఉంది. అందుకని సోమశిల.

"పువ్వు ఎడమకు రాలితే?" అన్నాను.

దేవమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "రాలితే రాలినట్టే. నాకు ఉన్నది ఒక్కడే కొడుకు."

"నేను గూడ ఒప్పుకున్న అన్నా. అమ్మోరు ఏం చెప్తే గది," అంది స్వరూప.

నర్సింలు సగం కొరికిన బజ్జీ ప్లేటులో పెట్టేశాడు. అతను దేన్నీ సగంలో వదిలే రకం కాదు.

బస్సు వచ్చింది. "నా కొడుకు కాడ నేనుంట. నువ్వు పిల్లతోని పో," అని దేవమ్మ నన్ను తోసింది. మేమిద్దరం ఎక్కాం. వాళ్లిద్దరూ తర్వాతి బస్సుకు నిలబడ్డారు.

బీచుపల్లి వంతెన

దారి పొడుగునా స్వరూప నాకు ఒక కొరియా సీరియల్ కథ చెప్పింది. ఆమెకు ఇంగ్లీషు బాగుపడాలంటే కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చే సినిమాలు చూడమని నేనే సలహా ఇచ్చాను. నర్సింలు కోఠీ ఫుట్‌పాత్ మీద ఒక కట్ట సీడీలు కొన్నాడు. అవి కొరియా సీరియల్‌వి. ఇంగ్లీషు సంగతి చెప్పలేను కానీ, ఆమెకు కొరియన్ కొద్దిగా వచ్చింది.

"ఒక కొండ ఉంటది అన్నా. కింద ఊర్ల ఎందరుంటే కొండ మీద గన్ని దీపాలు. మనిషికొకటి. దీపం ఆరిందంటే మనిషి పోయినట్టే. ఒక పిల్ల ఆ దీపాలను కాస్తది. మనిషి కాదు, దేవత కాదు, నడిమిట్ల."

"కాంట్రాక్టు ఉద్యోగం లాంటిది."

"గట్లనే అనుకో. పండుగ లేదు, సెలవు లేదు. ఒక దినం కుమ్మరి పిల్లగాడు కొత్త ప్రమిదలు మోసుకొని కొండెక్కుతడు. చూస్తది. గంతే, పడిపోతది."

"కొండ మీద నుంచా?"

"ప్రేమల! నీతోని చెప్తే గిట్లనే ఉంటది."

చిక్కు ఏమిటంటే, ఆ పిల్ల ఎవరిని ఇష్టపడితే అతని దీపంలో నూనె ఏడాదికి మించి నిలవదు. అంతకుముందు రెండు జన్మల్లోనూ ఆ కుమ్మరి అట్లాగే పోయాడు. అది అతనికి తెలియదు, ఆమెకు తెలుసు. ప్రతి సీడీ చివరా మంచు కురుస్తుంది. అతను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతుంటాడు. ఆమె వెనక నుంచి అరుస్తుంది.

"కాజిమా అని ఒర్రుతది. అంటే పోవద్దని. పతి సీడీల ఒర్రుతది, పతి సీడీల వాడు పోనే పోతడు. వాడు పోవుడే మంచిదని దానికి తెల్సు. అయినా ఒర్రుతది."

ఆఖరి సీడీని ఆమె చూడలేదు. రుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుని తెచ్చింది. పువ్వు తేలినాకే చూస్తుందట.

"నువ్వు చూసినవా అన్నా, ఆఖరిది?"

"చూశాను."

"చెప్పకు."

"చెప్పను."

"వాడు ఉంటడా పోతడా, గదొక్కటి..."

"చెప్పొద్దన్నావు."

ఆమె నా మొహంలో వెతకడం మొదలుపెట్టింది. నేను ఇన్విజిలేటర్ మొహం పెట్టాను. పన్నెండు వందల రూపాయల జీతం నుంచి ఆ మొహం సాధన చేస్తున్నాను, బాగానే కుదిరింది.

వంతెన మీదకు రాగానే బస్సులో చేతులన్నీ కిటికీల్లోంచి బయటికి వచ్చాయి. నదిలో నాణేలు వేశారు. మాకు గోదావరి మీదా ఈ అలవాటు ఉంది, అయితే మేము వేసి మర్చిపోతాం. స్వరూప నాణెం వేసి, సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, వెనక అద్దంలోంచి రోడ్డు చూసింది. తర్వాతి బస్సు కనిపించలేదు. కనిపించే వేళ కూడా కాలేదు.

వనపర్తి

వనపర్తిలో రాజుల కోట ఉంది, అందులో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది. రాజు దర్బారు నడిపినచోట కుర్రాళ్లు డ్రాయింగు షీట్లు పట్టుకుని తిరుగుతారని విని చూద్దామనుకున్నాను. చూడలేదు. ఎందుకంటే రెండో బస్సు రాలేదు.

మొదట టీ తాగాం, మూడు రూపాయలు. తర్వాత కీరకాయలు కొన్నాను. అమ్మే ఆవిడ నాలుగుగా చీల్చి ఉప్పుకారం పూసి ఇచ్చింది. స్వరూప తన ముక్క చేతిలో పట్టుకునే ఉంది, కారం మోచేతి దాకా కారింది. గద్వాల నుంచి వచ్చిన ఒక బస్సు ఆగింది. వాళ్లు దిగలేదు. ఇంకొకటి వచ్చింది. అందులోనూ లేరు. నర్సింలు ఫోన్ పరిధిలో లేదని ఒక అమ్మాయి రెండు భాషల్లో మర్యాదగా చెబుతోంది.

"నేను ముందుగాలనే అనుకున్న. ఇద్దరం ఒక్క దేవత కాడికే పోతున్నం గదా. బండ్లు వేరైతే ఏమాయె, తొవ్వ ఒక్కటే గదా," అంది స్వరూప. ఆమె గొంతు దవాఖానలో రోగి బంధువులతో మాట్లాడే గొంతులా నెమ్మదిగా ఉంది. అది నాకు నచ్చలేదు.

నేను జోకు వేద్దామని నోరు తెరిచాను. ఏదీ రాలేదు. అట్లా జరగడం నాకు అరుదు.

చివరికి నర్సింలు ఒక లారీ క్యాబిన్‌లోంచి దిగాడు. వెనక దేవమ్మను ఇద్దరు పట్టుకుని దించారు. పెబ్బేరు దగ్గర వాళ్ల బస్సు టైరు పేలిందట, కండక్టరు అందరినీ దొరికిన బండ్లలో ఎక్కించాడట. నర్సింలు చేతిలో పల్లీల పొట్లం ఉంది.

"ఫోన్ ఎందుకు ఎత్తవు?" అని స్వరూప అరిచింది. బస్టాండంతా తిరిగి చూసింది.

"ఛార్జింగ్ అయిపోయింది. ఏమాయె ఇప్పుడు? పల్లీలు తింటవా?"

స్వరూప చేతిలోని కీరకాయ ముక్కను అతని మీదకు విసిరింది. అది అతని చొక్కాకు తగిలి ఎర్రటి మచ్చ చేసింది. దేవమ్మ ఆ మచ్చ చూసి గబగబా తన కొంగుతో తుడిచేసింది. అది కారమని ఆమెకు తెలుసు. అయినా చాలాసేపు తుడిచింది.

వీపనగండ్ల

ఇక్కడి నుంచి ఆడవాళ్లు ముందు బస్సులో, మేం వెనక బస్సులో. వీపనగండ్లలో దేవమ్మ చుట్టాలింట్లో దిగాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయ పెట్టారు. రొట్టెను కర్రతో ఒత్తరు, చేత్తో చరిచి చరిచి పలచన చేస్తారు. ఆ చప్పుడు వీధి మొదటికే వినిపిస్తుంది కాబట్టి ఎవరింట్లో ఏ వేళకు వంటయిందో ఊరందరికీ తెలుస్తుంది. మా ఊళ్లో ఈ సమాచారం కోసం చాలా కష్టపడాలి.

సాయంత్రం నర్సింలు, నేను వేరుశనగ చేల గట్టున నడిచాం. వాన కోసం దున్ని ఉంచిన నేల ఎర్రగా, ఖాళీగా ఉంది.

"ఇదంతా నువ్వు నమ్ముతావురా?" అని అడిగాను.

"లెక్కల సార్‌ను. నేనెట్ల నమ్ముత? ఒక్క యాక్సిడెంటుతోని రూలు చేస్తరా ఎవరన్న?"

"మంచిది."

కొంత దూరం నడిచాక, "పోయిన నెల నా మీద బీమా చేయించిన," అన్నాడు.

"నామినీగా ఎవరి పేరు?"

"అమ్మ పేరు. నమ్మకం లేదు గని, అమ్మకు ఎవ్వరున్నరు?"

రొట్టెల చప్పుడు ఆగిపోయింది. ఊరంతా అన్నాలు తింటున్నట్టుంది.

సోమశిల

మర్నాడు కొల్లాపూర్‌లో మళ్లీ రెండు బస్సులు దిగి మామిడిపళ్లు కొన్నాం. ఇక్కడి పండు పైకి పచ్చగానే ఉండి లోపల పండి ఉంటుంది, చూపులు మోసం చేస్తాయి. బేరమాడబోతే అమ్మే అతను, "తిని మాట్లాడు సారూ," అని ఒకటి కోసి ఇచ్చాడు. తిన్నాక మాట్లాడలేకపోయాను. మా వైపు పళ్ల గురించి నాకున్న గర్వాన్ని ఇక్కడ కొంచెం తగ్గించుకుంటున్నాను. ఈ సంగతి మా ఊళ్లో చెప్పకండి.

అక్కడి నుంచి రెండు ఆటోల్లో సోమశిల చేరాం. కొండల మధ్య కృష్ణ చెరువులా నిలబడి ఉంది. పెద్ద గుడికి వచ్చిన యాత్రికులు స్నానాలు చేస్తున్నారు, మరపడవ వాళ్లు అవతలి ఒడ్డుకు కేకలు వేసి పిలుస్తున్నారు, చేపలు వేయించే నూనె వాసన దేవుడి దాకా వెళ్తోంది. నైరుతి దిక్కున మబ్బు కమ్ముతోంది.

స్వరూప వాళ్ల ఇంటిదేవత గుడి వీటన్నిటికీ దూరంగా, ఊరు దాటాక, ఒక బండ పక్కన ఉంది. మనిషి వంగి దూరాలి. లోపల పసుపు పూసిన రాతి అమ్మవారు, రెండు భుజాలు, రెండు వెండి కళ్లు. పూజారి పెద్దమనిషి. బట్ట ఆరేసుకుంటున్నవాడు అది వదిలి వచ్చాడు.

దేవమ్మ తెచ్చిన ఎర్ర గన్నేరు పువ్వులను అతను చెంబులో ముంచి, రెండు భుజాల మీద ఒక్కోటి అంటించాడు. "చెయ్యి పెట్టి అడుగుండ్రి, మనసుల," అని పళ్లెం ముందుకు జరిపాడు. పళ్లెం మీద దేవమ్మ చెయ్యి పెట్టింది. స్వరూప కూడా పెట్టింది. పూజారి అప్పటికే గంట కోసం వెనక్కి తిరిగాడు. ఇది గుర్తుంచుకోండి.

కూర్చున్నాం. గాలి లేదు. పువ్వులు కదల్లేదు. వాటి మీది నీళ్లు మాత్రం పసుపులోంచి సన్నగా జారుతున్నాయి. దేవమ్మ పెదాలు కదులుతున్నాయి. స్వరూప కళ్లు మూసుకుంది. నర్సింలు గుమ్మం బయట నిలబడి లోపలికి చూడలేక నది వైపు తిరిగాడు.

ఎడమ భుజం మీదకు ఒక చీమ ఎక్కింది.

నల్లటి పెద్ద చీమ. పువ్వు చుట్టూ ఒకసారి తిరిగి, రేకు కిందకు దూరింది. పువ్వు కొంచెం వంగింది. దేవమ్మ పెదాలు ఆగిపోయాయి. నేను దేవుణ్ని నమ్మనివాణ్ని. ఆ పూట ఆ చీమకు మొక్కాను, పైకి రమ్మని. పైకి వచ్చింది. రేకు అంచున నిలబడి కాసేపు ఆలోచించింది. తర్వాత అమ్మవారి మెడ వైపు నడిచి, మాలలో కలిసిపోయింది.

ఎంతసేపో తెలియదు. నా కాళ్లు మొద్దుబారాయి. అప్పుడు కుడి భుజం మీది పువ్వు ఏ చప్పుడూ లేకుండా రాలి పళ్లెంలో పడింది.

దేవమ్మ నుదురు గడపకు కొట్టుకుంది. "బలగడె ఇచ్చింది! కుడికిచ్చింది తల్లీ!" అని ఏడ్చింది. ఏడుస్తూనే స్వరూపను దగ్గరికి లాక్కుంది. "బిడ్డా, సరేనన్నది. విన్నవా? సరేనన్నది!"

స్వరూప కూడా ఏడుస్తోంది. కానీ ఆమె చేతులు దేవమ్మ చుట్టూ పడలేదు. "నాకు గూడ సరేనన్నది," అని లేచి సంచి భుజాన వేసుకుంది.

"మరి యాడికి పోతవు?"

"నేను అడిగింది వేరే."

"నువ్వేమడిగినవే?"

"ఈయనను ఇడిసిపెట్టుమంటవా అని."

గుమ్మం బయట నర్సింలు ఇటు తిరిగాడు.

ఇద్దరూ ముందే నిశ్చయించుకుని వచ్చారు. దేవమ్మ పెళ్లి చెయ్యాలని, స్వరూప అతన్ని వదిలెయ్యాలని. అమ్మవారి సంతకం ఒక్కటే తక్కువైంది. ఒక్క పువ్వుతో ఇద్దరికీ సంతకం పెట్టేసింది.

"అడిగేది ఒక్కరే అడగాలె! ఇద్దరు చెయ్యి పెడితే నేనేం చెయ్యాలె?" అన్నాడు పూజారి.

"మళ్లీ అడుగుదాం," అన్నాడు నర్సింలు.

"మళ్ల అడుగుడంటే అమ్మను నమ్మలేదన్నట్టు. అడిగిన మాట ఏడాది దాకా అడగొద్దు."

ఏడాది అన్న మాట వినగానే ముగ్గురూ ఒక్కసారి నేల చూశారు.

ఒక్క ఆటో

ఊళ్లోకి వచ్చేసరికి ఆకాశం సగం నల్లబడింది. యాత్రికులు ఖాళీ అయ్యారు. ఆటో ఒక్కటే మిగిలింది. డ్రైవరు ఇంజను ఆపకుండా, "వస్తే రండ్రి. వాన పడినంక ఈ తొవ్వల నా అయ్య గూడ తోలడు," అన్నాడు.

ఎవ్వరూ కదల్లేదు. ఒక్క ఆటో అంటే ఏమిటో డ్రైవరుకు తప్ప అందరికీ తెలుసు.

"మీరు పోండ్రి. నేను నడుస్త," అని నర్సింలు బయల్దేరాడు. కొల్లాపూర్ దగ్గరేమీ కాదు. చొక్కా మీద కీరకాయ మచ్చ ఇంకా కొంచెం కనిపిస్తూనే ఉంది.

మేం ముగ్గురం ఎక్కాం. నేను డ్రైవరు పక్కన మామిడిపళ్లతో కూర్చున్నాను. ఊరు దాటేలోపే చినుకులు మొదలయ్యాయి, వెంటనే గాలి. నర్సింలును దాటాం. చెట్టు లేని మైదానంలో అతను ఒక్కడే నిలువుగా ఉన్నాడు. కొండ మీద ఒక మెరుపు మెరిసింది, ఆ వెనకే ఉరుము. బండి ఎక్కకపోతే ప్రమాదం లేదనుకోవడానికి వీల్లేకుండా పిడుగులు కూడా ఉన్నాయి లోకంలో.

స్వరూప వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. "ఆపు," అంది.

దిగి వానలో నిలబడింది. నర్సింలు దగ్గరికి వచ్చి, ఆమెను దాటి పోబోయాడు. ఆమె గొంతు పెద్దగా రాలేదు.

"కాజిమా."

"ఏంది?"

నేను ఆటోలోంచే తర్జుమా చేశాను. "పోవద్దంటోంది రా."

"యాడికి పోతున్న? కొల్లాపూర్‌కే గదా!"

అతి కష్టం మీద దేవమ్మ కూడా దిగింది. విరిగి అతికిన కాలు బురదలో ఆనించి, ఆటో కమ్మీ పట్టుకుని నిలబడింది.

"నా పెండ్లికి అన్ని గుణాలు కలిసినయన్నరు. నూరేండ్లన్నరు. వీడు కడుపుల ఉన్నప్పుడే వీళ్ల నాయన పోయిండు. గప్పుడు ఎవరి జాతకం తప్పు? నాదా? నీదా? నువ్వు పుట్టనే లేదు గదనే," అంది.

"అమ్మ ఇడువుమన్నది అత్తా," అంది స్వరూప. అత్తా అని పిలవడం అదే మొదటిసారి. పిలిచినట్టు ఆమెకు తెలిసినట్టు లేదు.

"నీకు ఇడువుమన్నది. నీతోని అయితుందా? అయితే గీ వానల ఎందుకు దిగినవు? నాకు చెయ్యుమన్నది. నాతోని అయితది. ఎవరితోని అయితదో గదే అమ్మ మాట. ఎక్కు బండి. నా కాలు గుంజుతుంది."

డ్రైవరు, "జర జల్ది తేల్చుండ్రి," అని హారను కొట్టాడు.

స్వరూప ఎక్కింది. నర్సింలు ఎక్కాడు. వాళ్లిద్దరి మధ్య దేవమ్మ కూర్చుంది. రెండు రోజులుగా ఆరు బస్సులు, ఒక లారీ, రెండు ఆటోలు తిన్న ఆ యాత్ర మొదటిసారి ఒక్క బండిలో ఇమిడింది.

అందరం రోడ్డునే చూస్తున్నాం. ముందు అద్దం తుడిచే పుల్ల లేదు. డ్రైవరు అప్పుడప్పుడు చెయ్యి బయటికి పెట్టి గుడ్డతో తుడుస్తున్నాడు. మలుపులో ఎదురుగా మామిడికాయల ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు పక్కకు తిప్పాడు. చక్రం బురదలో జారింది. ఆటో ఒక పక్కకు వాలి, ఇంకా వాలి, దబ్బుమని రోడ్డు పక్క గుంతలో పడి ఆగింది. మామిడిపళ్లన్నీ నా ఒళ్లోంచి డ్రైవరు ఒళ్లోకి వెళ్లాయి.

ఇంజను ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను వెనక్కి తిరగడానికి భయపడ్డాను.

తిరిగాను. దేవమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. స్వరూప ఆమె మీద నుంచి అవతలికి వంగి, నర్సింలు మణికట్టు పట్టుకుని ఉంది. ఆమె చూపు తన చేతి గడియారం మీద ఉంది. నాడి లెక్కపెడుతోంది. నర్సింలు కదలకుండా కూర్చుని ఆమెను చూస్తున్నాడు. బల్ల మీద కూర్చోబెట్టిన రోగి కూడా అంత బుద్ధిగా ఉండడు.

కళ్లు తెరవకుండానే దేవమ్మ, "ఉన్నడా?" అంది.

స్వరూప ఇంకా కాసేపు లెక్కపెట్టింది. "ఉన్నడు. జర ఫాస్టుగ కొట్టుకుంటుంది. గని ఉన్నడు."

చెయ్యి మాత్రం వదల్లేదు. ట్రాక్టరు వాళ్లు తాడు కట్టి మమ్మల్ని రోడ్డెక్కించేదాకా, ఆ తర్వాత కొల్లాపూర్ దాకా నాడి చూస్తూనే ఉంది. వైద్యశాస్త్రంలో అంతసేపు చూడాల్సిన అవసరం ఉందో లేదో నాకు తెలియదు.

నాగర్‌కర్నూల్

మర్నాడు నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురుగా భోజనం చేశాం. అన్నం, పప్పు, చింతతొక్కు. ప్లేటు ఇరవై. చింతతొక్కు మళ్లీ అడిగితే మళ్లీ వేశారు, మొహం చిట్లించకుండా. స్వరూప సంచిలోంచి రుమాలు తీసి విప్పింది. గుంతలో పడ్డప్పుడు సీడీ నిలువునా పగిలింది.

"ఇంక చెప్పు అన్నా. ఆఖరికి ఏమైతది?"

చెప్పాను. ఇద్దరూ కలిసి కొండ ఎక్కుతారు. కుమ్మరి తన దీపం తానే చూసుకుంటాడు. అందులో నూనె అడుగంటి ఉంటుంది. అక్కడ దీపాల్లో నూనె పోసే ముసలాయన ఒకడు ఉంటాడు, అతన్ని అడిగితే, నూనె పొయ్యడమే నా పని, ఎంతకాలం వెలగాలో నేను చెప్పను అంటాడు. అప్పుడు కుమ్మరి ఆ దీపాన్ని కొండ మీద నుంచి దించి ఇంటికి తెచ్చుకుంటాడు. బల్ల మీద పెట్టుకుని, ఆ వెలుగులో ఇద్దరూ అన్నం తింటారు. బయట మంచు మొదలవుతుంది. అంతే.

"ఆరిపోతదా?"

"చూపించలేదు."

"గంతేనా?"

"అంతే. నాకూ ఒళ్లు మండింది."

దేవమ్మ నోట్లో ముద్ద మింగి, "ఇద్దరు తింటున్నరు గదా. ఇంకేం చూపియ్యాలె?" అంది. పగిలిన ముక్కల్లో పెద్దది అడిగి తీసుకుంది, జొన్నచేను మీద వాలే పిట్టలను బెదిరించడానికి.

గుంజుతున్న దేవమ్మ కాలు చూపించాలని నలుగురం ఎక్కిన హైదరాబాద్ బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఒకటి, ముగ్గురు కూర్చునేది ఒకటి దొరికాయి. ఇద్దరి సీటులో ఎవరు కూర్చున్నారో చెప్పక్కర్లేదు. దేవమ్మ ముగ్గురి సీటులో నా పక్కన కూర్చుని, జడ్చర్ల దాకా మెడ తిప్పి వాళ్లనే చూసి, తర్వాత నా భుజం మీద నిద్రపోయింది.

ఆ శ్రావణంలోనే వాళ్ల పెళ్లయింది. యాత్ర నుంచి రాగానే ఇది రాయమని చాలామంది అడిగారు. నాకు జాతకాల మీద బొత్తిగా నమ్మకం లేదు. అందుకే పెళ్లయి ఏడాది గడిచేదాకా ఆగి రాస్తున్నాను. ఆ ఏడాదిలో నర్సింలుకు ఒకసారి జలుబు చేసింది.